ముందు గడప చూడండి

మా టీములో కొత్తగా చేరిన గువాహటి అమ్మాయికి మొన్న ఒక సందేహం వచ్చింది. ఎక్కడివాళ్ళం అక్కడే ఇళ్ళల్లో కూర్చుని పనిచేసే సాఫ్ట్‌వేర్ టీము మాది. అందుకని అడగడమంటే ఎదురుపడి అడగడం కాదు, చాట్‌లో రాయడం. "మన డాక్యుమెంట్లన్నిటికీ చివర 'గడప' అని ఒక భాగం ఉంటోంది. మొదటి లైన్లోనేమో 'ముందు గడప చూడండి' అని ఉంటోంది. గడప అంటే ఏం టూల్? నెట్‌లో వెతికితే పసుపు రాసిన తలుపుల ఫోటోలు వస్తున్నాయి" అని రాసింది.

బళ్ళారిలో మా ఇంటి ముందు గదిలో ఒక్కదాన్నే కూర్చుని పెద్దగా నవ్వేశాను. వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది.

"ఏందే, ఎవురూ లేకనే నవ్వుతాండావు?"

చెప్పాను. అమ్మా నవ్వింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. ఎందుకంటే ఆ గడప కట్టడంలో అమ్మ చెయ్యి కూడా ఉంది. కట్టిన మేస్త్రీ మాత్రం అన్నే. అన్న పోయి ఏడాది కావస్తోంది.

అన్న అంటే నా సొంత అన్న కాదు. సండూరు తాలూకా బండ్రిలో చాలాకాలంగా సేద్యం చేసుకుంటూ, గనులు వచ్చాక లారీలు కూడా తిప్పిన తెలుగు కుటుంబం వాళ్ళది. మా కంపెనీ లారీల కాటాలకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. లారీ కాటా ఎక్కగానే బరువు కంప్యూటర్లో పడాలి, చీటీ బయటికి రావాలి, అంతే మా బతుకు. ఆఫీసు బెంగళూరులో ఉంది, మనుషులు మాత్రం దేశమంతా ఉన్నారు. అన్న బండ్రిలో కూర్చుని ప్రోగ్రాం రాసేవాడు. నేను బళ్ళారిలో కూర్చుని అందులో తప్పులు పట్టేదాన్ని. మా స్నేహం అలా తప్పుల మీద మొదలైంది.

ప్రోగ్రాం తప్ప అన్న ఇంకేమీ రాసేవాడు కాదు. ఏం చెప్పాలన్నా వీడియో తీసి పంపేవాడు. ప్రతి వీడియోలోనూ మొదట కనిపించేది ఆయన మొహం కాదు, టవలు. వాళ్ళ ఊళ్ళో గాలి నిండా ఖనిజం దుమ్మే. రికార్డింగ్ మొదలుపెట్టాక గానీ కెమెరా తుడవాలని ఆయనకు గుర్తొచ్చేది కాదు. భుజం మీది ఎర్రగళ్ళ టవలు తెరంతా పరుచుకుని, బరబరా చప్పుడు చేసి పక్కకు తప్పుకుంటే అప్పుడు అన్న దర్శనం. పైన ఇస్త్రీ చొక్కా, టేబుల్ కింద లుంగీ. ఆ లుంగీ సంగతి ఆయన లేచినప్పుడు మాత్రమే బయటపడేది.

"నమస్కారప్పా అందరికీ. టిఫిన్లు అయినాయా?" అని అడిగి ఆగేవాడు. నిజంగానే ఆగేవాడు. రికార్డింగులో జవాబు కోసం ఆగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మేము 'అయింది' అనేంత సేపు ఇచ్చి, తృప్తిగా తల ఊపి, "ఆయ్తు, పనిలోకి పోదాం" అనేవాడు. ఇంగ్లిష్‌లో వాక్యం ఎక్కి, కన్నడం మీదుగా వెళ్ళి, తెలుగులో దిగేవాడు. కొచ్చిలో ఉన్నవాళ్ళకు కూడా ఎలాగో అర్థమయ్యేది. మధ్యలో ఇంటి ముందు నుంచి ఖనిజం లారీ పోతే మాట ఆపి అరచెయ్యి పైకెత్తేవాడు. లారీ పోయేదాకా చెయ్యి దించేవాడు కాదు. మేమూ ఊరికే చూస్తూ కూర్చునేవాళ్ళం. పూణేలో ఉండే మా ఇంజనీరుకు అన్ని వీడియోలూ రెట్టింపు వేగంతో చూసే అలవాటు. అతనికి మాత్రం అన్న చెయ్యి ఈగల్ని తోలుతున్నట్టు కనిపించేదట.

నాకు ఈ వీడియోలంటే ఒళ్ళు మండేది. నేను రాత మనిషిని. రెండు లైన్లు రాసి పడేస్తే కావలసినప్పుడు వెతుక్కుంటాం, సగంలో ఆపి మళ్ళీ చదువుకుంటాం, ఎవరి వేగం వాళ్ళది. ఒకసారి ఫోన్ చేసి దులిపేశాను.

"అన్నా, రెండు లైన్లకు సరిపోయేదానికి సినిమా తీస్తారేంది? మీరు ప్రింటర్ గురించి ఎక్కడ చెప్పినారో పట్టుకోవాలంటే మీ టిఫిన్ల కాడ్నుంచి రావాల."

"రామ్మా. తినేసే పో."

"నవ్వులాటకు కాదన్నా."

"నేనూ నవ్వులాటకు చెప్పలే. రాస్తే మొగం కనపడదు. మొగం లేని మాట కోపంగా ఉంటాది. కావాలంటే చూడు, ఇప్పుడే రాస్తాండా."

పూణే ఇంజనీరు పంపిన పని కింద అన్న అప్పటికప్పుడు "తప్పు. మళ్ళీ చేయి" అని రాశాడు. కాసేపటికి అతను నాకు ఫోన్ చేశాడు. తన ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా కనుక్కోమన్నాడు. ఆ మాటనే అన్న వీడియోలో చెబితే టవలుతో మెడ తుడుచుకుంటూ, "ఇది స్వల్ప తప్పుండాదప్పా, ఏం ఫరవాలేదు, నేనైతే ఇంకా పెద్ద తప్పు చేసుండేవాణ్ణి" అనేవాడు. ఆ విషయంలో ఆయనదే పైచేయి అని ఒప్పుకోక తప్పలేదు. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

అన్నలో అసలు విచిత్రం వీడియో కాదు, వీడియో చివర. అది నాకు ముందు మా ఇంట్లోనే తెలిసింది.

ఒక ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి అన్న మా వీధిలో బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో అంజూర పండ్ల సంచితో. బళ్ళారిలో పనుండి వచ్చాను, చూసిపోదామని, అన్నాడు. కూర్చున్నాడు. బోరులో నీళ్ళు, సండూరు రోడ్డులో గుంతలు, మా చర్చి గంట మోగే తీరు, మా అమ్మ చేసిన చిత్రాన్నం, అన్నిటి గురించీ తీరిగ్గా మాట్లాడాడు. కాఫీ రెండుసార్లు తాగాడు. లేచాడు. "ఇంక ఉంటామ్మా" అని నమస్కారం పెట్టాడు. గడప దాటి ఒక కాలికి చెప్పు తొడిగాడు. రెండో కాలు ఇంకా లోపలే ఉంది.

"అవునమ్మా, అదొకటి. నువ్వు బాగుందని వదిలిపెట్టిన వెర్షన్‌లో తప్పుండాది. బరువు తక్కువ చూపిస్తాండాది. రేపు రిలీజ్ ఆపాల."

ఆయన అటు వెళ్ళగానే అమ్మ నా వైపు తిరిగింది. "ఈ మాట కోసమా ఇంత దూరం వచ్చినాడు?"

"అవును."

"మరి కూచున్నప్పుడే చెప్పొచ్చు గదే?"

ఆ ప్రశ్నే తర్వాత ఫోన్లో అన్నను అడిగాను. "వస్తానే చెప్తే పని కోసం వచ్చినట్లుంటాది. లేచినాక చెప్తే మనిషి కోసం వచ్చినట్లుంటాది" అన్నాడు.

ఆలోచిస్తే ఆ పద్ధతి ఆయన ఒక్కడిదే కాదు. మావైపు ఎవరింటికి ఎవరొచ్చినా అసలు సంగతి చెప్పులు తొడుక్కునేటప్పుడే బయటికొస్తుంది. పెళ్ళి సంబంధమైనా, పొలం గట్టు తగవైనా అంతే. మా చర్చిలో కూడా ప్రసంగం లోపల జరుగుతుంది, సంఘం నడిచేది మాత్రం బయట చెప్పుల దగ్గరే. అందరం కొద్దో గొప్పో గడప మనుషులమే. అన్న ఆ మర్యాదను కంప్యూటర్లోకి కూడా తీసుకెళ్ళాడు, అంతే తేడా.

బెంగళూరంటే ఆయనకు ఎందుకు పడదో కూడా దీనివల్లే తెలిసింది. పెళ్ళయిన కొత్తలో కొన్నేళ్ళు అక్కడ ఏడో అంతస్తులో ఉన్నారట. "ఆడ గడప ల్యాదమ్మా. లిఫ్ట్ ఉండాది. వచ్చినోళ్ళను సాగనంపేకి లిఫ్ట్ దాకా పోతాం. అసలు మాట నోట్లోకి వస్తాది, అప్పుడే తలుపు మూసుకుంటాది. ఎన్ని మాటలు ఆ లిఫ్ట్‌లో కిందికి పోయినాయో!" అనేవాడు. వాళ్ళావిడకు బండ్రి బడిలో టీచరు ఉద్యోగం రాగానే మూటా ముల్లె సర్దేశాడు. ఇంటి నుంచి పనిచేయనిచ్చే మా కంపెనీ దొరికాక, ఇక మళ్ళీ బెంగళూరు గడప తొక్కేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. అక్కడ గడపే లేదని తనే అన్నాడు కదా అని నేను ఏడిపించేదాన్ని.

ఆ ఒట్టుకు ఎసరు తెచ్చింది ఒక శనివారం.

కొత్త వెర్షన్‌ను కాటాల్లో ఎలా ఎక్కించాలో అన్న వీడియో తీసి పంపాడు. పూణే ఇంజనీరు రెట్టింపు వేగంతో చూసి, సండూరు దగ్గర ఒక గనిలో ఉన్న కాటాకు అక్కణ్ణించే ఎక్కించాడు. కాటా కళ్ళు మూసుకుంది. ఏ లారీ ఎక్కినా బరువు సున్నా. మధ్యాహ్నానికి లారీలు కొండ మలుపు దాకా వరస కట్టాయి. అన్న లుంగీ మార్చుకోకుండానే బండి మీద ఉరికాడు. ఆ వరసలో వాళ్ళ బావమరిది లారీ కూడా ఉందట.

"ఎవుడప్పా ఈ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుడు?" అని బావమరిది కేక.

"ఎవుడో బెంగళూరోడంట లేప్పా" అని తలొంచుకుని లోపలికి దూరిపోయాడు అన్న. సాయంత్రానికి కాటా తిరిగి లేచింది. మా కంపెనీ పరువు మాత్రం ఆ వారమంతా లేవలేదు.

సోమవారం మీటింగు పెట్టారు. తప్పెవరిది? పాత రకం కాటా ఉన్నచోట ముందు సెట్టింగ్ మార్చాలని ఎవరూ చెప్పలేదని పూణే ఇంజనీరు అన్నాడు. చెప్పానని అన్న అన్నాడు. మేనేజర్ మేడం వీడియో తెప్పించి అందరి ముందూ ఆడించింది. టవలు, టిఫిన్లు, అరచెయ్యి, అన్నీ వచ్చాయి. "ఇంతేనప్పా, ఇంక ఉంటా" అని నమస్కారం కూడా వచ్చింది. అక్కడే తను వీడియో మూసేశానని పూణే అతను అన్నాడు. మేడం మూయలేదు. తెర మీద అన్న కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. లుంగీ కనిపించింది. రెండడుగులు నడిచి కెమెరా బయటికి పోయాడు. ఖాళీ కుర్చీ. అప్పుడు పక్కనుంచి మొహం మాత్రం లోపలికి వంగింది.

"అవునప్పా, అదొకటి. పాత కాటా ఉన్నచోట సెట్టింగ్ మార్చకుండా దీన్ని ఎక్కించొద్దండి. ఎక్కిస్తే బరువు సున్నా వస్తాది."

అందరం గొల్లుమన్నాం. అన్న కూడా నవ్వాడు. మేడం నవ్వలేదు. ఆమెది మంచి మనసే, కానీ గనివాళ్ళ తిట్లు తిన్నది ఆమె ఒక్కతే. వీడియోలు బంద్ అంది. వచ్చే మూడు నెలలు ప్రతిదీ రాసే పంపాలి, చదివినవాళ్ళకు ముఖ్యమైన మాట తప్పకుండా అందాలి. రాత కుదరదంటే బెంగళూరు ఆఫీసుకు వచ్చి అందరి పక్కన కూర్చుని నోటితో చెప్పాలి. మూడోది లేదు.

అన్న నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. రాయగలిగితే బండ్రి, లేకపోతే లిఫ్ట్. వాళ్ళావిడ బడి ఒక ఊళ్ళో, ఈయన ఇంకో ఊళ్ళో. నాకు చాలా భయమేసింది.

రాయడం మొదలుపెట్టాడు, పాపం. చక్కగానే రాశాడు. పద్ధతిగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. అన్నీ ఉండేవి, అసలు మాట తప్ప. చివర పేరు పెట్టగానే ఆయన దృష్టిలో పత్రం అయిపోయేది. ఆ తర్వాత లేచి వెళ్ళడానికి చోటు లేదు. అందుకని డాక్యుమెంట్ పంపిన కాసేపటికి నాకు ఫోన్ వచ్చేది. "అవునమ్మా, అదొకటి."

"అన్నా, ఆ అదొకటి ఏదో రాసి పెట్టొచ్చు గదా?"

"యాడ రాయాలమ్మా? మొదట్లోనే రాస్తే మొగాన కొట్టినట్లుంటాది. మధ్యలో రాస్తే ఎవురూ చూడరు."

"చూడకపోతే బెంగళూరన్నా."

"తెలుసమ్మా" అన్నాడు. ఆ గొంతులో నవ్వు లేకపోవడం నేను వినడం అదే మొదటిసారి.

గడువు సగం దాటాక మళ్ళీ ఒక ఆదివారం అంజూర పండ్లతో వచ్చాడు. ఈసారి ఆయన మనసు బోరు నీళ్ళ మీద లేదు, రోడ్డు గుంతల మీద కూడా లేదు. కాఫీ ఒక్కసారే తాగాడు. లేచి, ఒక చెప్పు తొడిగి, మామూలుగానే నిలబడ్డాడు.

"అవునమ్మా, అదొకటి. మేడం నిన్న ఫోన్ చేసింది. ఇట్లే ఉంటే బెంగళూరుకు రావాల్సిందే అనింది."

ఎండలో నిలబడి ఆ మాట చెబుతుంటే అమ్మకు ఎక్కడలేని విసుగు వచ్చింది. "ఏమప్పా, నీ మాటలన్నీ ఈడనే బయటికొస్తాయి. ఇంక లోపల కుర్చీ ఎందుకు నీకు? ఈ గడప కాడనే ఒకటి ఏస్తా, వచ్చినప్పుడల్లా ఈడనే కూచో!"

అన్న అమ్మ వైపు చూశాడు. గడప వైపు చూశాడు. రెండో చెప్పు తొడుక్కోవడం కూడా మరిచిపోయి, దాన్ని చేత్తో పట్టుకుని బండెక్కి వెళ్ళిపోయాడు. వెనక ఇంకే మాటా రాలేదు.

మర్నాడు వచ్చిన డాక్యుమెంట్‌లో ఆయన పేరు కింద, కొంచెం చోటు వదిలి, ఇంగ్లిష్ అక్షరాల్లో 'గడప' అని ఒక శీర్షిక ఉంది. దాని కింద ఒకే మాట: ఈ మార్పును జీతాల రోజు చేయకండి, ఆ రోజు లారీలు ఎక్కువ. పైన అన్నిటికంటే ముందు ఇంకో లైన్: ముందు గడప చూడండి. అసలు మాటను మొదటికే తెచ్చి పెట్టమని మేడం అడిగింది. అన్న ఒప్పుకోలేదు. దారి చూపిస్తాను గానీ మాటను దాని చోటు నుంచి కదపను అన్నాడట. గనివాళ్ళ నుంచి ఫోన్లు రావడం ఆగిపోయింది కాబట్టి ఆమె కూడా ఊరుకుంది.

తర్వాతి సంగతి ఎవరూ అనుకోనిది. మిగతావాళ్ళం కూడా గడప పెట్టడం మొదలుపెట్టాం. పూణే అతను రెండు పేజీల గొప్ప వివరణ రాసి, గడపలో "ఈ భాగం నాకే సరిగా అర్థం కాలేదు, ఎవరైనా చూడండి" అని రాశాడు. అంతకుముందు అతని నోట అలాంటి మాట రాలేదు. కొచ్చిలో ఒకాయన గడపలో తన భార్యకు ఆపరేషన్ అని రాస్తే, ఆ వారం పని అడక్కుండానే పంచుకున్నాం. నేను కూడా ఒకసారి "అన్న వీడియోలు లేక తోచడం లేదు" అని రాశాను. దానికి జవాబుగా ఒక్క క్షణం వీడియో వచ్చింది. టవలు మాత్రమే.

మూడు నెలలు నిండాక మేడం అన్న పని మీద తన అభిప్రాయం రాసి పంపింది. పొడుగాటి డాక్యుమెంట్. బండ్రిలో పొద్దున్నే అది తెరిచి, తనే పెట్టిన నియమాన్ని తనే మరిచి, పెద్దమనిషి తరహాగా పైనుంచి చదువుకుంటూ వచ్చాడట. శనివారం కాటా సంగతి, వీడియోల సంగతి, నేర్చుకోవలసినవి, దిద్దుకోవలసినవి. చదివేకొద్దీ టవలుతో మెడ తుడుచుకున్నాడట. వాళ్ళావిడ వెనక నిలబడి, "ఆమె మొదటి లైన్లోనే చెప్పింది కదా, కిందికి పోండి!" అని అరిచిందట. పోయాడు. గడపలో ఒకే వాక్యం ఉంది: మీరు బండ్రిలోనే ఉండండి.

ఆ రోజు మా ఇంటికి అంజూర పండ్లు బుట్టెడు వచ్చాయి.

పోయినేడు వానలకు ముందు అన్నకు గుండెలో నొప్పి వచ్చింది. బళ్ళారి దాకా తెచ్చారు. అంతే. ఇంతకంటే రాయడానికి నాకు మనసు రావడం లేదు.

కొన్నాళ్ళకు వాళ్ళావిడను పలకరించడానికి అమ్మా నేనూ బస్సులో బండ్రి వెళ్ళాం. ల్యాప్‌టాప్ ఆ టేబుల్ మీదే ఉంది, ఎర్రగళ్ళ టవలు కప్పి. ఆవిడ మాతో మాట్లాడుతూ ఉండగా ఇంటి ముందు నుంచి లారీ పోయింది. ఆవిడ మాట ఆపి, తనకు తెలియకుండానే అరచెయ్యి పైకెత్తింది. ముగ్గురం లారీ పోయేదాకా ఆగాం. చెయ్యి దించాక ఏం చెబుతోందో ఆవిడకు గుర్తు రాలేదు, మేము కూడా అడగలేదు.

లేచాం. గడప దాటి ఒక కాలికి చెప్పు తొడిగాను. రెండో కాలు లోపలే ఉంచి వెనక్కి తిరిగాను. నాకు చెప్పాల్సిన మాట ఉంది. అన్న మా దగ్గర ఒక గడప కట్టి వెళ్ళాడని, రోజూ దాన్ని దాటే పనిచేస్తున్నామని ఆవిడతో చెప్పాలి. అప్పుడు పోయొస్తానని చెప్పాలి. నోరు తెరిచేలోగా అరుగు మీద కూర్చున్న ముసలామె వారించింది.

"చెప్పగూడదు తల్లీ. ఊరికే పోండి."

చావు జరిగిన ఇంటి నుంచి పోయొస్తామని చెప్పి రాకూడదు. మా సంఘంలో ఆ పట్టింపు లేదు, చేతులు పట్టుకుని ప్రార్థన చేసి, మళ్ళీ వస్తామని చెప్పే వస్తాం. కానీ ఇల్లు వాళ్ళది, పద్ధతి వాళ్ళది. రెండో చెప్పు తొడుక్కుని వచ్చేశాను. బస్సు బళ్ళారి చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. అన్ని ఇళ్ళల్లోనూ అసలు మాట గడప దగ్గరే చెప్పిన మనిషి ఇంటి గడప దగ్గర నాకు ఒక్క మాట చెప్పడానికి లేకపోయింది.

గువాహటి అమ్మాయికి జవాబు వీడియో తీసి పంపాలా, రాసి పంపాలా అని కాసేపు తేల్చుకోలేకపోయాను. మొదట కెమెరా పెట్టాను. టిఫిన్ అయిందా అని అడిగి, జవాబు కోసం ఆగాను. నా మొహం నాకే కనిపించి సిగ్గేసి మూసేశాను. ఆ కళ అన్నతోనే పోయింది. కాబట్టి నాకు చేతనైనట్టు రాశాను. గడప అంటే టూల్ కాదని, ఎలా వచ్చిందో, ఎందుకు చివర ఉంటుందో, ఎందుకు ముందు చూడాలో, అంతా వివరంగా రాసి కింద నా పేరు పెట్టాను.

కొంచెం చోటు వదిలి 'గడప' అని రాశాను. దాని కింద ఒక్క లైను, తెలుగులోనే. ఆ అమ్మాయికి తెలుగు రాదు. అడిగితే అర్థం చెప్తాను.

పోయొస్తా అన్నా.